ఇల్లు – వాకిలి: ఆరుబయటి బల్లకు ఏ పూత మేలు?



కోస్తా ప్రాంతం నుండి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వారి పాత పెంకుటిల్లు తీసేసినప్పుడు టేకు దూలాలను అమ్మడానికి నాన్నగారికి మనసొప్పలేదట. వాటిని కోయించి ఆరడుగుల బల్ల చేయించారు. పెరట్లో వేపచెట్టుకు కొంచెం ఎడంగా వేసుకున్నారు. రోజూ సాయంకాలం ఆయనా, ఆయన ఈడు పెద్దలూ అక్కడే కూర్చుంటారు. వడ్రంగి అద్దంలా మెరిసే వార్నిష్ వేసి ఇచ్చాడు. ఏడాది తిరగకుండానే ఆ పొర చేప పొలుసుల్లా లేచిపోయి, క్రింద కర్ర నల్లబడింది. “రంగు వేయిద్దామంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు. అది మా అమ్మానాన్నల ఇంటి కర్ర, కంటికి కనబడాలంటున్నారు. రంగుల షాపులో అన్నిటికన్నా ఖరీదైన డబ్బా చూపిస్తున్నారు. ఏం చేయమంటారు?” అని ఆమె అడిగారు.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. అరుగు ముందు బెంచీ, మేడమీద భోజనాల బల్ల, తోటలో ఊయల పలక, పశువుల పాక దగ్గర పనిబల్ల ఉన్న వారందరిదీ. గనుక ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

కర్రను పాడుచేసేది ఏది?

ఎవరినడిగినా వాన అంటారు. కాని మొదటి దెబ్బ ఎండది. కర్రలోని నారపోగులను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పదార్థం ఒకటుంది. దాని పేరు లిగ్నిన్. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దానిని విరగగొడతాయి. తరువాత కురిసే వాన ఆ విరిగిన దానిని కడిగేస్తుంది. మిగిలిన నారపోగులు బూడిద రంగులో పైకి కనబడతాయి. పాత ఎడ్లబండి పలకలు బూడిద రంగుకు తిరగడానికి కారణం ఇదే.

రంగు లేని వార్నిష్ పొర కిటికీ అద్దం వంటిది. నీటిని ఆపుతుంది గాని వెలుగును ఆపదు. ఆ వెలుగు పొరలోంచి దూరి, వార్నిష్ ఏ కర్రను పట్టుకుని నిలబడిందో ఆ కర్ర పైభాగాన్నే గుల్ల చేస్తుంది. పట్టు పోయిన తరువాత పొర ఎంత గట్టిదైనా నిలువదు. కనుక సోదరి గారింటి బల్ల విషయంలో తప్పంతా వడ్రంగి మీద వేయనక్కరలేదు. అది ఇంటిలోపలికి తగిన పని. బయట వేసినందువలన చెడింది.

రెండవ సంగతి, కర్ర కదులుతుంది. వానాకాలంలో తలుపులు బిగుసుకుపోవడం మనకు తెలిసినదే. తేమ తగిలితే కర్ర వెడల్పులో ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. దానితోపాటు సాగలేని బిరుసు పొర వేస్తే వెంట్రుకవాసి చీలికలు పడతాయి. వాటిలోంచి నీరు లోపలికి పోతుంది గాని, తిరిగి ఆరిపోవడానికి దారి దొరకదు. కర్రలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే నిలిచి ఉంటే, కుళ్ళు తెచ్చే బూజుకు అది అనువైన స్థలమవుతుంది. అందుచేత సగం పగిలిన పొర కన్నా అసలు పూత లేకపోవడమే ఒక్కొక్కప్పుడు మేలు.

మూడవది, బల్ల పడుకుని ఉంటుంది. తలుపు మీద పడిన వాన జారిపోతుంది, ఎండ ఏటవాలుగా తగులుతుంది. బల్ల మీద నీరు నిలుస్తుంది, మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది. కాబట్టి తలుపు మీద ఐదేళ్ళు ఉన్న పూత బల్ల మీద కూడా ఐదేళ్ళు ఉంటుందని ఆశించరాదు.

దొరికే పూతలు, వాటి గుణాలు

లక్క పాలిష్: స్పిరిట్‌లో లక్కను కరిగించి గుడ్డతో రుద్దే పాలిష్ ఇది. బీరువాలకు, మంచాలకు ఎంతో అందం. కాని దీనికి నీరు పడదు. తడి గ్లాసు పెడితేనే తెల్లని మచ్చ వస్తుంది. ఆరుబయట దీని తలంపే వద్దు.

మామూలు వార్నిష్, లోపలి వాడకపు పాలియురిథేన్: ఇవి గట్టిగా ఆరతాయి. ఇంటిలోపల అదే వీటి మంచి గుణం, బయట అదే లోపం. సోదరి గారు చెప్పిన పొలుసులు లేవడం సాధారణంగా వీటితోనే జరుగుతుంది. పాలియురిథేన్ వేయాలంటే డబ్బా మీద బయటి వాడకానికి అని స్పష్టంగా ఉన్నదే తీసుకోండి.

ఓడల వార్నిష్: షాపులో మెరైన్ వార్నిష్ అని గాని, స్పార్ వార్నిష్ అని గాని అడగాలి. తెరచాప ఓడల మీది కొయ్యలకు వేసేందుకు పుట్టినది గనుక ఆ పేరు వచ్చింది. ఓడ కొయ్య గాలికి వంగుతుంది, దానితోపాటు పూత కూడా వంగాలి. అందుకని ఇందులో నూనె పాలు ఎక్కువ ఉంచుతారు. మంచి రకాలలో ఎండ కిరణాలను పీల్చుకునే పదార్థాలు కూడా కలుపుతారు. రంగు లేకుండా కర్ర కనబడాలి, మెరవాలి అనుకునే వారికి ఇదే తగినది. అయితే ఒకటి రెండు పూతలతో సరిపెట్టకూడదు. పలుచగా నాలుగైదు పూతలైనా పడాలి. మెరుపు తగ్గగానే, పొర చిట్లకముందే, తేలికగా రుద్ది మరో పూత వేయాలి. చిట్లేదాకా చూస్తే మొత్తం గీకి మొదటి నుండి చేసుకోవలసిందే. ఏటేటా ఈ సేవ చేయలేనివారు దీని జోలికి పోకపోవడం మంచిది.

అవిసె నూనె: షాపులలో లిన్సీడ్ ఆయిల్ అంటారు. ఇది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడే నూనె. పచ్చి నూనె ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ‘బాయిల్డ్’ అని వ్రాసి ఉన్నది త్వరగా ఆరుతుంది. ఆ పేరున అమ్మే దానిలో త్వరగా ఆరేందుకు లోహ లవణాలు కలుపుతారు, కనుక దానిని వంటకు, ఒంటికి వాడరాదు. నూనె కర్రలోనికి ఇంకుతుంది, పైన మందపాటి పొర కట్టదు. అందువలన పొలుసులు లేచే బాధ ఉండదు. వెలిసినచోట మరలా రాస్తే సరిపోతుంది. లోపమేమంటే దీని కాపుదల తక్కువ. గాలి ఆడని తడి చోట నూనె పట్టిన కర్రకు నల్లని బూజు కూడా పడుతుంది.

కొబ్బరి నూనె, ఆముదం, వేపనూనె కూడా రాయవచ్చునా అని కొందరు అడుగుతారు. ఇవి ఆరి గట్టిపడే నూనెలు కావు. జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటాయి, కూర్చున్నవారి బట్టలకు అంటుతాయి.

రంగు కలిసిన బయటి పూత: వుడ్ స్టెయిన్ అంటారు. ఇందులో సన్నని రంగు పొడి కలిసి ఉంటుంది. ఆ పొడి ఎండకు అడ్డు నిలుస్తుంది, అయినా కర్ర చారలు కనబడుతూనే ఉంటాయి. కర్రలోనికి ఇంకే రకమూ, పైన పొర కట్టే రకమూ రెండూ ఉన్నాయి. బల్లకు ఇంకే రకమే అడగండి.

ఎనామెల్ పెయింట్: అందం మాట ఎలా ఉన్నా ఎండను ఆపడంలో దీనిని మించినది లేదు. వెలుగు రంగును దాటి లోపలికి పోలేదు. ప్రైమర్ ఒక పూత, పైన రంగు రెండు పూతలు అవసరం. లేత రంగులు ముదురు రంగులకన్నా తక్కువ వేడెక్కుతాయి. మధ్యాహ్నం పిల్లలు వచ్చి కూర్చునే బల్లకు ఇది చిన్న విషయం కాదు.

జీడి పెంకు నూనె: జీడిమామిడి గింజల పెంకు నుండి తీసే ఈ నల్లని నూనెను పడవలకు పూయడం పాత అలవాటు. కర్రను తడి నుండి, పురుగు నుండి కాపాడే గుణం దీనికుంది. పలాస, వేటపాలెం వంటి జీడిపప్పు పరిశ్రమలున్న చోట్ల ఈ నూనె సంగతి చాలామంది ఎరుగుదురు. కాని పచ్చినూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. బల్ల కాళ్ళ అడుగుభాగానికి చేతి తొడుగులతో పూయవచ్చు గాని, మనుషులు కూర్చునే పైభాగానికి వద్దు.

వాడేసిన ఇంజను ఆయిల్: ఖర్చు లేదని కొందరు దీనిని రాస్తారు. ఇంజనులో అరిగిన లోహపు పొడి, ఒంటికి హాని చేసే మసి పదార్థాలు దానిలో ఉంటాయి. పశువుల పాక దగ్గరి పనిబల్లకైనా సరే, వాడకండి.

రెండు హెచ్చరికలు

మొదటిది నిప్పు సంగతి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేదు. ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఇది కట్టుకథ కాదు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. 22వ అంతస్తులో పనివారు వదిలిపోయిన అవిసె నూనె గుడ్డలే దానికి మూలం. ఆ మంటలతో పోరాడుతూ ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు విడిచారు. కనుక పని అయిన వెంటనే గుడ్డలను నీటిలో ముంచండి, లేదా ఆరుబయట తీగమీద ఒక్కొక్కటిగా పరచి పూర్తిగా గట్టిపడనివ్వండి. పిల్లలున్న ఇంట్లో దీనిని మరువరాదు.

రెండవది పాత రంగు. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నిబంధనలు చేశారు. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు వంటి నిండు రంగులలో, సీసం ఎక్కువ ఉండి ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము గాలిలో లేస్తుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. పాత రంగును తడిపి రుద్దండి. ముక్కుకు మంచి మాస్కు కట్టుకోండి. క్రింద పట్టా పరచి, రాలినదంతా మూటగట్టి తీసివేయండి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

పని చేసే విధం

పూత ఏదైనా సగం బలం పూతకు ముందు చేసే పనిలోనే ఉంది.

1. లేచిన పాత పొరనంతా తీసివేయండి. బూడిద రంగు తిరిగిన కర్ర మీద ఏ పూతా పట్టుకోదు. చిత్రిక పట్టించి గాని, ఉప్పు కాగితంతో రుద్ది గాని తాజా కర్ర కనబడేదాకా తీయాలి.

2. అలా తీసిన కర్రను వారాల తరబడి ఎండలో వదలకండి. రెండు మూడు వారాల ఎండకే పైపొర దెబ్బతిని రంగు పట్టు తగ్గుతుంది.

3. పదునైన అంచులను కొంచెం గుండ్రం చేయండి. వాడి అంచు మీద పూత పలుచబడి, మొదట అక్కడే చిట్లుతుంది.

4. టేకు కర్రలో సహజంగా నూనె గుణం ఉంటుంది. అది వార్నిష్‌ను సరిగా ఆరనివ్వదు. థిన్నర్‌లో తడిపిన గుడ్డతో ముందు తుడిచి, ఆరిన వెంటనే మొదటి పూత వేయండి.

5. రంపంతో కోసిన పలక కొసలను మరువకండి. చెట్టు బ్రతికి ఉన్నప్పుడు నీటిని పైకి తీసుకుపోయిన సన్నని గొట్టాలు అక్కడే తెరచుకుని ఉంటాయి. పలక ముఖం కన్నా కొసలు ఎన్నో రెట్లు వేగంగా నీరు త్రాగుతాయి. అక్కడ రెండు పూతలు అదనంగా వేయాలి. కాళ్ళ అడుగులకు కూడా అంతే.

6. పలక అడుగుభాగానికి కూడా పూత వేయండి. పైన మాత్రమే వేస్తే ఒక ప్రక్క తేమ పీల్చి, మరొక ప్రక్క పీల్చక పలక వంగిపోతుంది.

7. నూనె రాసేటప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలు ఇంకనిచ్చి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచివేయండి. పైన నిలిచిన నూనె జిగటగా మారి చాలాకాలం అంటుకుంటూనే ఉంటుంది.

8. మండుటెండలో పూత వేయకండి. పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. మంచు ఆరిన తరువాత ఉదయం పూట, నీడన వేయడం మేలు.

క్రొత్తగా బల్ల చేయించుకునేవారికి మరికొన్ని మాటలు. పలకల మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు వదిలితే నీరు జారిపోతుంది, కర్ర కదలడానికి చోటుంటుంది. ఇనుప మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడండి. తుమ్మ వంటి వగరు ఎక్కువగల కర్రలో ఇనుము తడిస్తే నల్లని మరకలు పడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుము త్వరగా తుప్పు కూడా పడుతుంది. కాళ్ళను మట్టిలో పాతకుండా రాతి పలకల మీద నిలబెడితే తడికి, చెదలకు దూరంగా ఉంటాయి. ప్లైవుడ్ వాడేవారు ఐ.ఎస్. 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగాలి. అంచులను మాత్రం పెయింట్‌తో బాగా మూసివేయాలి, ఎందుకంటే ప్లైవుడ్‌కు నీరు ఎక్కేది అంచుల నుండే.

సోదరి గారికి మా జవాబు

మీ నాన్నగారి కోరిక న్యాయమైనదే. ఆ కర్ర టేకు గనుక, పైగా పాత దూలాల చేవ గనుక, ఎండావానలకు ఓర్చుకునే గుణం దానిలోనే ఉంది. దానికి మందమైన పొర అక్కరలేదు. పాత వార్నిష్‌నంతా తీయించి, కర్రలోనికి ఇంకే రకం వుడ్ స్టెయిన్‌ను టేకు రంగులో రెండు పూతలు వేయించండి. చారలు కనబడతాయి, ఎండకు కొంత అడ్డు ఉంటుంది, పొలుసులు లేవవు. వెలిసినప్పుడు గీకే పని లేదు. బల్లను శుభ్రంగా కడిగి, బాగా ఆరనిచ్చి, మరొక పూత రాస్తే చాలు. షాపులో చూపిన ఖరీదైన డబ్బా రంగు లేని పొర కట్టేదైతే, దానిని మానుకోండి. ఎపాక్సీ అని చెబితే మరీ జాగ్రత్త. అది నీటికి గట్టిదే గాని ఎండకు పచ్చబడి సున్నంలా పొడి రాలుతుంది.

నల్లబడిన భాగాన్ని ఒకసారి స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అది పైమరకే, చిత్రికతో పోతుంది. మెత్తగా దిగబడితే అక్కడ కుళ్ళు ప్రవేశించినట్టు. ఆ మేరకు కోయించి క్రొత్త ముక్క అతికించాలి. కుళ్ళు మీద ఏ పూతా మందు కాదు.

మీ కర్ర టేకు గాక మామిడి వంటి మెత్తని కర్ర అయి ఉంటే మా జవాబు వేరుగా ఉండేది. అట్టి కర్ర పైకప్పు లేనిచోట ఉండవలసి వస్తే, చారల మీది మమత విడిచి ఎనామెల్ వేయించమనేవారము.

అన్నిటికన్నా చవకైన కాపుదల

ఏ పూతకైనా ఆయుష్షు పెంచేది నీడ. చిన్న రేకుల చూరు క్రిందికి బల్లను జరిపితే ఎండా, వానా రెండూ తగ్గుతాయి. అప్పుడు మామూలు పూత కూడా చాలాకాలం నిలుస్తుంది. కప్పు వేయలేనివారు వానాకాలంలో పట్టా కప్పవచ్చు. కాని దానిని కర్రకు అంటించి చుట్టకండి. క్రింద గాలి ఆడేలా నాలుగు కర్రల మీద ఎత్తుగా కట్టండి. గాలి ఆడని పట్టా క్రింద కర్ర చెమర్చి వానకన్నా ఎక్కువ చెడుతుంది. చెట్టు నీడ మంచిదే గాని రాలిన ఆకులు, పిట్టల రెట్టలు తడిని పట్టి ఉంచుతాయి గనుక రోజూ ఊడ్చాలి.

పూత ఇంకా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి నాలుగు నీటి చుక్కలు చాలు. చుక్క ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టు. వెంటనే ఇంకి కర్ర నల్లబడితే మరలా పూసే వేళ వచ్చినట్టు. ఏటా జూన్‌లో వానలు మొదలవకముందు ఒకసారి, వానలు వెళ్ళాక ఒకసారి చూడండి. దక్షిణ కోస్తాలో అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు ఉంటాయి గనుక, అక్కడివారికి సంక్రాంతి తరువాత నుండి మార్చి వరకు గల రోజులు ఈ పనికి శ్రేష్ఠమైనవి. గాలిలో తేమ తక్కువ, ఎండ ఇంకా ముదరదు.

పని చేయించిన నెల, వాడిన పూత పేరు బల్ల అడుగున పెన్సిల్‌తో వ్రాసి ఉంచండి. మరుసటి ఏడు దేనిమీద ఏది వేయాలో వెతుక్కోనక్కరలేదు. మీ తరువాత ఆ బల్లను చూసుకోబోయే పిల్లలకు కూడా అది పనికివస్తుంది.